పండు సంగతి సరే, ఆకు సంగతో?

రండి, ఇటు జరిగి మంట దగ్గర కూర్చోండి. భోగి వెళ్లిపోయినా మా విస్సన్నపేట తోటల్లో తెల్లవారుజాము చలి ఇంకా వదల్లేదు. పైన మామిడి పూత విచ్చుకుంటోంది, కింద ఎండుపుల్లల మంట వెలుగుతోంది. ఈ రోజుల్లో మా వైపు ఏ నలుగురు కలిసినా ఇవే మాటలు. ఈ ఏడు పూత బాగుందా, పిందె నిలుస్తుందా, బంగినపల్లికి రేటు పలుకుతుందా, నున్న మార్కెట్టు ఎలా ఉండబోతోంది అని. అన్నీ పండు చుట్టూ తిరిగేవే. తప్పు లేదు, ఇల్లు గడిచేది పండు మీదే కదా. అయితే ఇవాళ కాసేపు పండును పక్కన పెట్టి, ఆకు గురించి మాట్లాడుకుందాం. ఆకు లోపల పగలంతా జరిగే ఒక పని గురించి, ఆ పని చేసే ఒకే ఒక్క పదార్థం గురించి చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

ముందు మిమ్మల్నొకటి అడుగుతాను. ఈ మంటలో కాలుతున్న కొమ్మ ఉంది చూశారూ, దీని బరువు ఎక్కడినుంచి వచ్చిందంటారు? ఎవరినడిగినా ముందు భూమి వైపే చూపిస్తారు. ఎరువులు వేస్తాం, వేళ్లు పీల్చుకుంటాయి, చెట్టు పెరుగుతుంది అంటారు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే పెద్దాయనకు ఇదే ప్రశ్న పుట్టింది. ఆయన 200 పౌన్ల ఎండుమట్టి తూచి తొట్టిలో పోసి, ఒక విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు బరువు 164 పౌన్లు పెరిగింది. మట్టి తగ్గింది రెండే రెండు ఔన్సులు! నీళ్లే చెట్టుగా మారాయని ఆయన అనుకున్నాడు. ఈ సంగతి రాసిన ఆయన పుస్తకం ఆయన పోయాక 1648లో అచ్చయింది. నీళ్ల పాత్ర నిజమే గానీ అసలు సరుకు గాలిది. ఎండుకట్టె బరువులో సుమారు సగం కార్బన్. ఆ కార్బన్ అంతా గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి, అంటే కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే. ఇప్పుడు మంటలోంచి కంటికి కనపడకుండా పైకి పోతున్నదీ అదే వాయువు.

మరి గాలిలో ఆ వాయువు ఎంతుంది? పదివేల పాళ్లు గాలి తీసుకుంటే అందులో నాలుగు పాళ్లకు కాస్త ఎక్కువ. అంతే! అంత పలచగా ఉన్నదాన్ని ఏరి పట్టుకుని, కొమ్మగా, బెరడుగా, చిన్నరసంలోని తీపిగా మార్చాలంటే ముందు దాన్ని ఎవరో పట్టుకోవాలి. మామిడాకులో ఆ పని చేసే ఎంజైము పేరు రూబిస్కో. పూర్తి పేరు చాలా పొడుగు కాబట్టి శాస్త్రవేత్తలు కూడా ఇలాగే పిలుస్తారు. వరి ఆకులోనూ ఇదే, కొబ్బరి మట్టలోనూ ఇదే, కొల్లేటి నీళ్ల మీద తేలే పాచిలోనూ ఇదే. కిరణజన్య సంయోగక్రియ చేసే నీలి ఆకుపచ్చ బాక్టీరియాల్లోనూ ఇదే. మనం తిన్న ప్రతి ముద్దలోని కార్బనూ దాదాపుగా ఎప్పుడో ఒకప్పుడు ఈ ఎంజైము చేతిమీదుగా వచ్చిందే.

పదో తరగతిలో పత్రహరితం గురించి అందరం చదువుకున్నాం. ఎండను పట్టేది పత్రహరితం. ఆ పట్టిన శక్తితో గాలిని పిండిగా, చక్కెరగా మార్చే పని వేరే ఉంది. హరితరేణువుల్లో ఐదు కార్బన్లున్న ఒక చక్కెర పదార్థం తయారై సిద్ధంగా ఉంటుంది. రెండు కొసలకూ ఫాస్ఫేటు తగిలించి ఉంటుంది. రూబిస్కో దానికి ఒక కార్బన్ డయాక్సైడ్‌ను అతికిస్తుంది. ఆరు కార్బన్లయిన ఆ ముక్క నిలవక వెంటనే మూడేసి కార్బన్ల ముక్కలు రెండుగా విడిపోతుంది. ఆ మూడు కార్బన్ల ముక్కల నుంచే తర్వాత చక్కెరలు, పిండి పదార్థం, నారలు, నూనెలు అన్నీ పుడతాయి. కొంత భాగం మళ్లీ ఆ ఐదు కార్బన్ల పదార్థంగా తయారవుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ చక్రాన్ని బయటపెట్టింది అమెరికాలో బర్కిలీ పరిశోధకులు. 1940లో రూబెన్, కామెన్ అనే ఇద్దరు కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ కనిపెట్టారు. మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ ఆ కార్బన్‌ను నాచుకు పీల్పించి, కొన్ని సెకన్లలోనే ఆ నాచును మరిగే ఆల్కహాలులో వదిలి, అప్పటికి కార్బన్ ఏ పదార్థంలోకి చేరిందో వెతికారు. అలా ఒక్కో మెట్టూ తేలింది. 1961లో నోబెల్ బహుమతి కాల్విన్ ఒక్కరికే వచ్చింది. ఐదు కార్బన్ల ఆ పదార్థాన్ని గుర్తించడంలో ముందున్న బెన్సన్ పేరు మాత్రం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో వెనకబడిపోయింది. అందుకే ఈ చక్రాన్ని ఇప్పుడు చాలామంది కాల్విన్–బెన్సన్ చక్రం అంటున్నారు. అలా అనడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇక్కడ మన భీమవరం మాట ఒకటి చెప్పుకోవాలి. ఆ ఐదు కార్బన్ల పదార్థానికి ఫాస్ఫేటు తగిలించేది ఏటీపీ అనే శక్తి అణువు. ఒక్క కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెర దారిలో పెట్టడానికి మొక్కకు మూడు ఏటీపీలు ఖర్చవుతాయి. ఆ ఏటీపీని 1929లో కండరాల్లోంచి వేరుచేసి చూపినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డులో ఆయన, ఫిస్క్ కలిసి ఆ పని చేస్తే, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా చేశాడు. అంతకు ముందే, 1925లో, ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి వచ్చింది. ఫాస్ఫేటు లెక్క తేలితే తప్ప ముందుకు నడవని జీవరసాయన పరిశోధనలకు అది ఎన్నో దశాబ్దాలు చేతిలో పనిముట్టయింది. మామిడాకులో జరిగే పనిని అర్థం చేసుకునే దారిలో మన భీమవరం బిడ్డ వేసిన రాయి ఒకటి ఉంది. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి.

ఇక రూబిస్కో దగ్గరికి వద్దాం. 1947లో శామ్ వైల్డ్‌మన్, జేమ్స్ బానర్ పాలకూర ఆకుల రసంలోని ప్రోటీన్లను విడదీస్తూ ఉంటే, ఒకే ఒక ప్రోటీను మిగతా అన్నింటికన్నా విపరీతంగా ఎక్కువ కనిపించింది. ఏం చేస్తుందో తెలియక దాన్ని 'ఒకటో భాగం' అన్నారు. అది కార్బన్‌ను పట్టే ఎంజైమేనని 1950లలో తేలింది. ఆకులో కరిగి ఉండే ప్రోటీనులో సగం దాకా ఇదొక్కటే ఉండవచ్చు. ఇంత ఎక్కువ ఎందుకు అంటే, ఇది చాలా నిదానం. మన రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పని చూసే ఒక ఎంజైము సెకనుకు లక్షల అణువులను మారుస్తుంది. మొక్కల రూబిస్కో సెకనుకు మూడు, నాలుగు. మీకు తోట పని తెలుసు కాబట్టి ఇలా చెబుతాను. కోత రోజున చిక్కం పట్టినవాడు నిదానంగా కోస్తుంటే, లారీ వేళకు నిండాలంటే ఇంకో నలుగురిని పిలవాల్సిందే. మొక్క కూడా అదే చేసింది. ఒక్కొక్కటీ నిదానమైతేనేం, లెక్కలేనన్ని తయారుచేసి పెట్టుకుంది.

ఆ లెక్కలేనన్నింటిని 2019లో బార్-ఆన్, మైలో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. భూమ్మీద ఉన్న రూబిస్కో బరువంతా కలిపి సుమారు 70 కోట్ల టన్నులు. మనుషులందరికీ పంచితే తలకు సుమారు 90 కిలోలు వస్తుంది. అందులో తొంభై శాతానికి పైగా నేల మీది చెట్ల ఆకుల్లోనే ఉంది. నేలా సముద్రమూ కలిసి ఏటా చెట్టుగా, నాచుగా నిలబెట్టే కార్బన్ సుమారు పదివేల కోట్ల టన్నులు. అందులో దాదాపు సగం కంటికి కనపడని సముద్రపు నాచులు, బాక్టీరియాల పని. మన బంగాళాఖాతం కూడా ఆ లెక్కలో ఉంది.

ఈ ఎంజైము కట్టడం కూడా చెప్పుకోదగ్గదే. పెద్ద ముక్కలు ఎనిమిది, చిన్న ముక్కలు ఎనిమిది, మొత్తం పదహారు ముక్కలు కలిసి ఒక్క రూబిస్కో. పెద్ద ముక్కకు ఆదేశం హరితరేణువులోని సొంత జన్యువులో ఉంటే, చిన్న ముక్కకు ఆదేశం కణ కేంద్రకంలో ఉంటుంది. రెండు చోట్ల తయారైనవి ఒక చోట కలవాలి. ఎందుకిలా అంటే, హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన నీలి ఆకుపచ్చ బాక్టీరియా. కోట్ల ఏళ్ల కిందట ఇంకో కణంలోకి వచ్చి స్థిరపడింది. తన జన్యువుల్లో చాలావాటిని కేంద్రకానికి అప్పగించింది గానీ ఈ పెద్ద ముక్క జన్యువును మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. మీ ఇంటి ముందు మామిడాకులో అంత పాత వారసత్వం ఇంకా పనిచేస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఈ ఎంజైము పట్టుకోవాల్సింది కార్బన్ డయాక్సైడ్‌ను. కానీ ఆక్సిజన్‌ను కూడా పట్టేసుకుంటుంది. 1971లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో బోవ్స్, ఆగ్రెన్, హేగ్‌మన్ దీన్ని నిరూపించారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒకటి ఉన్నచోట ఆక్సిజన్ ఐదు వందలుంటుంది. అంత రద్దీలో కూడా రూబిస్కో ఎక్కువసార్లు సరైనదాన్నే పడుతుంది. మామూలు వాతావరణంలో సుమారు ఐదింట ఒకసారి మాత్రం ఆక్సిజన్ దొరుకుతుంది. అప్పుడు పనికిరాని రెండు కార్బన్ల ముక్క ఒకటి పుడుతుంది. దాన్ని తిరిగి దారికి తేవడానికి ఆకు కణంలో మూడు వేర్వేరు గదులు కలిసి పనిచేయాలి. శక్తి ఖర్చవుతుంది. అంత కష్టపడి పట్టిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలిలోకి పోతుంది. దీన్ని కాంతిశ్వాసక్రియ అంటారు.

ఇలాంటి పొరపాటు ఎందుకు మిగిలిపోయింది? ఈ ఎంజైము పుట్టిన నాటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. కాబట్టి తేడా పట్టాల్సిన అవసరమే రాలేదు. తర్వాత సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది. ఆ ఆక్సిజన్‌ను వదిలింది కూడా ఈ ఎంజైముతో బతికిన బాక్టీరియాలే. చాలా పుస్తకాల్లో రూబిస్కోను చేతకాని ఎంజైము అని తేలిగ్గా రాసేస్తుంటారు. నాకది ఒప్పుదల కాదు. 2006లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కలు వేసి చూపిన సంగతి ఇది: వేగం పెంచితే పొరపాటు పెరుగుతుంది, పొరపాటు తగ్గిస్తే వేగం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో గానీ ఆక్సిజన్‌లో గానీ ఎంజైముకు పట్టు దొరికే ఆనవాళ్లు చాలా తక్కువ. ఆ హద్దుల్లో ఒక్కో జీవి రూబిస్కో తన పరిస్థితికి తగ్గట్టు దాదాపు చేయగలిగినంత బాగా చేస్తోందని వాళ్ల వాదన. నిదానం దాని లోపం కాదు, జాగ్రత్తకు అది చెల్లించే ధర.

ఈ కథ మన ఊరికి దగ్గరయ్యేది ఎండాకాలంలో. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మన ఎర్ర నేలల మీద ఎండ ఎంత తీవ్రంగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వేడి పెరిగితే ఆకు రసంలో రెండు వాయువులూ తక్కువగానే కరుగుతాయి గానీ, కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఎక్కువగా తగ్గిపోతుంది. పైగా వేడిలో రూబిస్కోకు తేడా పట్టే నేర్పు తగ్గుతుంది. ఇంకో సంగతీ ఉంది. రూబిస్కో మూసుకుపోయినప్పుడల్లా దాన్ని తెరిచి పనిలో పెట్టే తోడు ప్రోటీను ఒకటుంది. 1980లలో దాన్ని కనుగొన్నారు. అది వేడికి రూబిస్కో కంటే ముందే చెడిపోతుంది. వీటన్నింటికీ తోడు, నీరు ఆవిరైపోకుండా ఆకు తన పత్రరంధ్రాలను మూసుకుంటుంది. నీళ్లు మిగులుతాయి, కానీ బయటి గాలి లోపలికి రాదు. లోపల ఉన్న కార్బన్ డయాక్సైడ్ అయిపోతూ, ఆక్సిజన్ పోటీ పెరుగుతుంది. కాయ ఊరే ఆ రోజుల్లోనే, మిట్టమధ్యాహ్నం ఆకు సంపాదన పడిపోతుంది. పిందె గోళీకాయంత అయ్యాక తోటకు తడి ఇవ్వమని పెద్దలూ, ఉద్యాన శాఖవారూ చెప్పడానికి ఇదీ ఒక కారణం. వేళ్లకు నీరందితే ఆకు తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచగలదు.

"గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందంటున్నారు కదా, మరి మామిడికి మంచిదేగా?" అని మీరు అడగబోతున్నారు. సరైన ప్రశ్నే. పరిశ్రమలు రాకముందు పది లక్షల పాళ్లకు 280 ఉన్నది ఇప్పుడు 420 దాటింది. మిగతావన్నీ మారకుండా ఉంటే మామిడి, వరి, పత్తి లాంటి పంటల్లో రూబిస్కో పొరపాటు తగ్గి కొంత లాభమే. కానీ మిగతావి మారకుండా ఉండవు. అదే వాయువు వేడిని పెంచుతుంది. వేడి పొరపాటును పెంచుతుంది. వానలు కాలం తప్పితే నీళ్ల కొరత ఆకు తలుపు మూయిస్తుంది. పూత, పిందె వేడిగాడ్పులకు రాలిపోతే ఆకు ఎంత సంపాదించి ఏం లాభం? అందుకే నేను ఆ లెక్కను నమ్మి ఊరట పొందలేను.

కొన్ని మొక్కలు ఈ చిక్కుకు తమ దారి తాము వెతుక్కున్నాయి. మన చుట్టూనే ఉన్నాయి. మొక్కజొన్న, జొన్న, సజ్జ, ఉయ్యూరు వైపు చెరకు, మీ పెరట్లో తోటకూర, తోటలో ఎంత పీకినా పోని తుంగ, గరిక. వీటి ఆకులో పని రెండు చోట్ల జరుగుతుంది. బయటి కణాల్లో ఆక్సిజన్‌తో పొరబడని వేరే ఎంజైము ముందుగా కార్బన్‌ను పట్టి నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లాన్ని ఈనె చుట్టూ ఉన్న లోపలి కణాలకు పంపి, అక్కడ మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా విడుదల చేస్తుంది. రూబిస్కో ఆ లోపలి కణాల్లోనే ఉంటుంది. దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్ దట్టంగా ఉండడంతో ఆక్సిజన్‌కు చోటు దొరకదు. హవాయిలో చెరకు మీద కోర్ట్‌షాక్ చూసిన దాన్ని, ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో వివరించారు. వీటిని సీ4 మొక్కలంటారు. మామిడి, వరి, కంది, వేరుశనగ, పత్తి సీ3 మొక్కలు. మండే ఎండలో మొక్కజొన్న నిలబడి పెరుగుతుంటే పక్క చేలో కంది డీలా పడడం వెనక ఇదొక కారణం. తోటలో తుంగ అంత మొండిగా పెరగడం వెనక కూడా ఇదొక కారణం.

ఈ విషయంలో మన తిరుపతిని తలుచుకోకపోతే తప్పు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాసు గారు, ఆయన శిష్యులు రాయలసీమ ఎండల్లో పెరిగే మొక్కలను తీసుకుని, ఏది సీ3, ఏది సీ4 అని శ్రద్ధగా పరిశీలించారు. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ మొక్కలు సీ4 అని తేలాయో జాబితా కట్టి, ఆయనా ఎ.ఎస్. రాఘవేంద్ర గారూ 1978లో అంతర్జాతీయ పత్రికలో అచ్చు వేశారు. రాఘవేంద్ర గారు తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇదే రంగంలో ఎంతోమందిని తయారుచేశారు. ఇంకో మాట వినండి. పొన్నగంటికూర తెలుసుగా, కాలువ గట్ల మీద దొరికే ఆకుకూర? అది సీ3. దాని తెగలోనే ముళ్ల పొన్నగంటి జాతి ఒకటి సీ4. ఆ రెంటికీ మధ్య నిలిచిన జాతులు కూడా ఆ తెగలో ఉన్నాయని రాజేంద్రుడు, ప్రసాద్, రామదాసు గార్లు 1986లో తిరుపతి నుంచే ప్రపంచానికి చెప్పారు. సీ3 నుంచి సీ4 వైపు ప్రకృతి ఎలా అడుగులేసిందో వెతికేవాళ్లకు ఆ మధ్య జాతులు ఎంతో విలువైనవి. రోజూ కాళ్లకింద పడే కలుపు మొక్కను అంత గౌరవంగా చూసిన పరిశోధన మన నేల మీద జరిగింది. నాకు దాన్ని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఇంకొక దారి ఉంది, దాన్ని మీరు నాలుకతోనే తెలుసుకోవచ్చు. రణపాల మొక్క చాలా ఇళ్లలో ఉంటుంది. దాని ఆకు ముక్క పొద్దున్నే కొరికితే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుంది. ఈ సంగతిని గమనించి రాసిపెట్టినవాడు బెంజమిన్ హేన్. జర్మనీ నుంచి వచ్చి, 1790లలో మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త ఆయన. అంతకుముందు దాన్ని చూసుకున్న రాక్స్‌బరో తర్వాత ఆ తోట బాధ్యత ఆయనకొచ్చింది. రణపాల పులుపు గురించి ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో వచ్చింది. కారణం తేలడానికి ఇంకా నూరేళ్లకు పైగా పట్టింది. రణపాల, బ్రహ్మజెముడు, అనాస లాంటివి రాత్రిపూట చల్లని వేళలో పత్రరంధ్రాలు తెరిచి, గాలిని ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. పగలు రంధ్రాలు మూసుకుని, ఆ ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తీసి లోపలే రూబిస్కోకు అందిస్తాయి. నీరు పోదు, పని ఆగదు. రాత్రి దాచుకున్న ఆమ్లమే పొద్దుటి పులుపు. నీళ్లలో బతికే నీలి ఆకుపచ్చ బాక్టీరియాలైతే రూబిస్కోను ఒక చిన్న ప్రోటీను డొల్లలో పెట్టి, దాని లోపలికే కార్బన్‌ను చేరవేసుకుంటాయి.

మనుషులు కూడా ఈ పనిలో చెయ్యి వేస్తున్నారు. ఇల్లినాయిలో పాల్ సౌత్, అమాండా కావనా, డొనాల్డ్ ఓర్ట్ తదితరులు పొగాకు మొక్కలో ఒక మార్పు చేశారు. ఆక్సిజన్ పొరపాటు తర్వాత పుట్టే పనికిరాని ముక్కను మూడు గదులు తిప్పకుండా హరితరేణువులోనే చక్కబెట్టే కొత్త దారి పెట్టారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం పొలంలో ఆ మొక్కలు మామూలు వాటి కంటే సుమారు 40 శాతం ఎక్కువ పెరిగాయి. పొగాకు జన్యువులు మార్చడానికి వీలైన మొక్క కాబట్టి ముందు దాని మీద చూస్తారు. వరిని సీ4గా మార్చాలన్న ప్రయత్నం కూడా చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఇవి మామిడి దాకా ఎప్పుడొస్తాయా అని తొందరపడి ఆశ పెట్టుకోకండి. నాటిన చెట్టు రెండు మూడు తరాలు ఉండే తోటలో ఉన్న ఆకునే బాగా చూసుకోవడం మన చేతిలో పని.

అది ఎలా అంటే చెబుతాను, ఇదే నేను ఇవాళ మీకు చెప్పాలనుకున్న అసలు మాట. మామిడి కొత్త ఇగురు వేసినప్పుడు ఎర్రగా, రాగి రంగులో ఎంత అందంగా ఉంటుంది! కానీ ఆ లేతాకులో పత్రహరితమూ తక్కువే, రూబిస్కో కూడా తక్కువే. అది పచ్చబడి ముదిరేదాకా పాత ఆకుల సంపాదన మీదే బతుకుతుంది. మామిడాకు ఏడాదికి మించి కూడా చెట్టున నిలుస్తుంది. ముదిరిన ఆకు రాలేముందు తనలోని రూబిస్కోను విరగ్గొట్టి, అందులోని నత్రజనిని కొత్త చిగుళ్లకు పంపిస్తుంది. ఆకులోని నత్రజనిలో పెద్ద భాగం ఈ ఎంజైములోనే ఉంటుంది. కాబట్టి రూబిస్కో పనివాడే కాదు, చెట్టు దాచుకున్న నిల్వ కూడా. ఈ ఏడు విరగకాసిన చెట్టు వచ్చే ఏడు ఎందుకు ఊరుకుంటుందని అడుగుతారు కదా? దానికి కారణాలు చాలా ఉన్నాయి. కాయలన్నీ ఆకు సంపాదించినదంతా తినేసి, కొమ్మకు నిల్వ మిగలకపోవడం వాటిలో ఒకటి.

జూన్‌లో కోత అయిపోతుంది. లారీలు వెళ్లిపోతాయి. డబ్బు చేతికొచ్చాక, తోట మళ్లీ పూత దాకా గుర్తురాదు. గుత్తకిచ్చిన తోటల్లోనైతే కొన్న ఆయనకు ఆ తర్వాత పట్టింపు ఉండదు, ఇచ్చిన వాళ్లకు ఇంకా టైముందిలే అనిపిస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే వచ్చే ఏటి కాపు తయారవుతూ ఉంటుంది. తొలకరి తర్వాత వచ్చే ఇగురు చలికాలానికి బాగా ముదరాలి, అప్పుడే పూతకు సిద్ధమవుతుంది. కాబట్టి కోత కాగానే ఎండుకొమ్మలు, లోపల చిక్కుగా పెరిగిన కొమ్మలు తీయించండి. గుబురు లోపలి చీకట్లో ఉన్న ఆకులో రూబిస్కో ఉన్నా పనిలేక ఊరుకుంటుంది, ఎండ పడితేనే దాని కడుపు నిండుతుంది. వానలతో పాటే ఎరువులు అందించండి. నత్రజని కొరతైతే ముందు తగ్గేది రూబిస్కోనే. వర్షాకాలంలో ఆకుల్ని గూళ్లు కట్టి తినే పురుగును ఆకులే కదా అని వదిలేయకండి. పూతమీది తేనెమంచు పురుగును పూత కోసమే కాకుండా ఆకు కోసం కూడా అదుపు చేయండి. అది వదిలే జిగురు మీద మసి పట్టి ఆకంతా నల్లబడితే, ఎండ ఉన్నా ఆకుకు అందదు. మందు ఏది, ఎంత అనేది నూజివీడు మామిడి పరిశోధనా కేంద్రం వారినీ, మీ మండల ఉద్యాన అధికారినీ అడిగి తెలుసుకోండి.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన చిన్నరసాలు, పెద్దరసాలు ఏ ఊరి సంతలో పెట్టినా నూజివీడు వైపు కాయ అంటే జనం ఆగి చూస్తారు. ఆ పేరు ఎర్రనేలకూ, నీటికీ, ఎన్నో తరాల రైతులకూ చెందింది. ఆ పేరులో ఆకు వాటా కూడా ఉందని నా నమ్మకం. కాయలో ముందు పిండిగా చేరి, మాగేటప్పుడు చక్కెరగా మారే ఆ తీపి మొత్తం ఆకుల్లో సెకనుకు మూడు నాలుగు చొప్పున పోగుపడిన కార్బనే. అంత నిదానంగా పోగైనదాన్ని మనం ఒక్క వారంలో కోసి అమ్మేస్తాం. అమ్మడం మన హక్కు. మిగిలిన ఏడాదంతా ఆకును కాపాడడం మన పని. ఈసారి కోత ముగిసి ఎవరైనా "తోట ఖాళీ అయిపోయింది" అంటే, "అదేంటి, ఆకులన్నీ ఉన్నాయిగా, అసలు పని ఇప్పుడే మొదలు" అని చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, తోటలోకి వెళ్లి ఆ కొమ్మలు చూడండి.